అంటు ఎవరిది?

తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కనుక మాట దగ్గరే మొదలుపెడతాను. తిన్న గిన్నెలు అంట్లు. ఒకరి నుంచి మరొకరికి సోకేది అంటురోగం. ఊరవతలికి నెట్టబడిన మనిషి అంటరానివాడు. మూడింటికీ మూలం అంటడమే, అనగా తాకడమే. తాకిడికి భయపడే సమాజంలో ఆ భయపు బరువు ఎవరు మోయాలి? ఇది వైద్యప్రశ్న మాత్రమే కాదు, నీతిప్రశ్న కూడా.

2020 మార్చి 2న తెలంగాణలో మొదటి కోవిడ్ కేసు వెల్లడైంది. రోగం విదేశం నుంచి విమానంలో వచ్చింది. నెలాఖరుకు హైటెక్ సిటీ చుట్టూ అపార్టుమెంట్ల గేట్లు మాత్రం గుట్టల బేగంపేట వంటి బస్తీల నుంచి వచ్చే పనిమనుషులకు మూసుకున్నాయి. సాఫ్ట్‌వేరు ఉద్యోగి తన ఇంట్లో కూర్చుని పనిచేశాడు. పరాయి ఇంటి అంట్లను తన ఇంట్లో కూర్చుని తోమడం ఎవరికి సాధ్యం?

దూరం పాటించడం తప్పనను. అది శాస్త్రం చెప్పినదే. కాని దూరంతోపాటు కూలి కూడా ఆపమని ఏ శాస్త్రమూ చెప్పలేదు. మా ఇంట్లో పనిచేసే ఆమెకు ఏప్రిల్ జీతం ఇచ్చాను, మే నెలది ఇవ్వలేదు. స్త్రీల శ్రమను గురించి తరగతిలో గంటలకొద్దీ మాట్లాడేవాణ్ణి నేనే! జూన్‌లో ఆమె తిరిగివస్తే చేతుల మీద శానిటైజరు పోసి, ఇంట్లో ఎవరికైనా జ్వరమా అని అడిగాము. ఆమె నెమ్మదిగా అన్నది: "మీ ఇంట్ల జరమొస్తే నాకెవరు చెప్తరు సారూ?"

ఈ ఏకపక్షత పాతదే. సైనికులను సుఖవ్యాధుల నుంచి కాపాడటానికని బ్రిటిషు ప్రభుత్వం 1868లో భారతదేశంలో అంటురోగాల చట్టం చేసింది. పేరు నమోదు, నిర్బంధ పరీక్ష వేశ్యకు. ఆమె వద్దకు వచ్చిన పురుషుణ్ణి ఆ చట్టం ముట్టలేదు. 1888లో చట్టం రద్దయింది, దృష్టి రద్దు కాలేదు.

కనుకనే స్త్రీలనూ ఆరోగ్యాన్నీ అంటురోగాలనూ కలిపి చూసే పరిశోధన అవసరం. అది రోగం ఎవరు తెచ్చారన్న దగ్గర ఆగదు. ఎవరు సేవ చేశారు, ఎవరి కూలి పోయింది అని అడుగుతుంది. ఇంటింటికీ తిరిగిన ఆశా కార్యకర్తలను 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సత్కరించింది. ప్రభుత్వ లెక్కలో మాత్రం వారు ఉద్యోగులు కారు, స్వచ్ఛంద కార్యకర్తలు.

మే నెల జీతం తరువాత ఇచ్చాను. ఆమె అది నా మంచితనమన్నది. హక్కుగా అందవలసినది దయగా అందుతున్నంతకాలం ఆ పొగడ్తకు మనం సిగ్గుపడవలసిందే.