పండుగ రోజుల్లో ఒంటిని చూసుకోవడం స్వార్థమా?



డిసెంబరు వచ్చిందంటే మనకు తీరిక ఉండదు. 6న బాబాసాహెబ్ పరినిబ్బాన దినం. 25న మనుస్మృతి దహన దినం, అదే రోజు క్రైస్తవులైన చుట్టాల ఇళ్లలో క్రిస్మస్. జనవరి 1న భీమా కోరేగావ్, 3న సావిత్రీబాయి ఫూలే జయంతి. ఆపైన పిల్లలకు సంక్రాంతి సెలవులు. సభలు, ప్రయాణాలు, రాత్రి పొద్దుపోయాక బిర్యానీలు. ఇవన్నీ అయ్యేసరికి నడక మానేసి ఉంటాం, నిద్ర చెడి ఉంటుంది, షుగరు పెరిగి ఉంటుంది.

"ఇంత పని పెట్టుకుని ఒంటి గురించి ఆలోచించడం స్వార్థం కదా" అని మన కార్యకర్తలు అంటుంటారు. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను.

పోయిన క్రిస్మస్‌కి మా పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. షుగరుంది, చాలు అన్నా వినదు. "తినయ్యా, మా చిన్నప్పుడు కామందు ఇంట్లో పెళ్లయితే, మిగిలింది తెచ్చుకోవడానికి గిన్నె పట్టుకుని దొడ్డివైపు నిలబడేవాళ్లం" అంది. ఆ మాట విన్నాక వద్దనడానికి నోరు రాలేదు. మూడోసారి కూడా పెట్టించుకున్నాను. ఆకలి తెలిసిన ఇంట్లో కాదనడం తేలిక కాదు. కానీ ఆ రాత్రి నా అవస్థ చూసి నిద్ర లేకుండా కూర్చున్నదీ ఆ పెద్దమ్మే.

సంయుత్త నికాయంలో కోసల రాజు పసేనది కథ ఉంది. ఆయన ద్రోణం కొలత అన్నం తినేవాడు. ఒకరోజు భుక్తాయాసంతో రొప్పుతూ బుద్ధుని దగ్గరికి వచ్చాడు. బుద్ధుడు ఆయన్ని ఎగతాళి చేయలేదు, పస్తుండమనలేదు. ఎరుకతో, మితంగా తినేవాడికి బాధలు తగ్గుతాయని, ముసలితనం మెల్లగా వస్తుందని చెప్పాడు. రాజు ఆ మాటను సుదస్సనుడనే కుర్రవాడికి నేర్పించి, భోజనానికి కూర్చున్నప్పుడల్లా చెప్పించుకున్నాడు. కొద్దికొద్దిగా తగ్గించి ఒక నాళి కొలతకు వచ్చాడు. ఒళ్లు తేలికపడింది. రాజంతటివాడికే పక్కన ఒకరు గుర్తు చేయవలసి వచ్చింది. మనకు మాత్రం ఒంటరి పట్టుదల సరిపోతుందా? అందుకే సంఘం ఉంది. విందులో పక్కవాడి విస్తరి చూసి "చాలన్నా" అని చెప్పడం కూడా మైత్రే.

బాబాసాహెబ్ ఏళ్ల తరబడి మధుమేహంతో బాధపడ్డారు. 1956 అక్టోబరు 14న మనకు ధమ్మ దీక్ష ఇచ్చి, 53 రోజులకే, 65 ఏళ్ల వయసులో వెళ్లిపోయారు. ఒక జాతి భారమంతా ఒక్కరి మీద పడితే ఆయనకు తీరిక ఎక్కడిది? ఇప్పుడా భారం పంచుకోవడానికి ఇంతమందిమి ఉన్నాం. ఒళ్లు పాడు చేసుకుని దానికి త్యాగమని పేరు పెడితే, ఆయన మనకు అప్పగించిన పని సగంలో ఆగిపోతుంది.

మన తాతల ఒళ్లు వెట్టిలో, పరుల పొలాల్లో అరిగిపోయాయి. దాన్ని వ్యాయామం అని ఎవరూ అనరు. అలాగే పండుగనాడు తెల్లవారుజాము నుంచి పొయ్యి దగ్గర నిలబడి, అందరూ తిన్నాక తినే మన ఇంటి ఆడవాళ్ల అలసటా వ్యాయామం కాదు. వాళ్లకు ఒక పూట నడకకు తీరిక దొరకాలంటే మగవాళ్లు గరిటె పట్టాలి, గిన్నెలు తోమాలి. సమానత్వం మొదలయ్యేది అక్కడే.

చేయవలసింది పెద్ద పనేం కాదు. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడకలాంటి శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. బుద్ధుడు భిక్షువులకు చంకమం, అంటే అటూ ఇటూ నడుస్తూ చేసే సాధన, చెప్పాడు. దానివల్ల రోగాలు తగ్గుతాయని, తిన్నది బాగా అరుగుతుందని, మనసు నిలబడుతుందని అంగుత్తర నికాయంలో ఉంది. దగ్గర్లో సభ ఉంటే బండి తీయకుండా నడిచే వెళ్దాం. ఊరెళ్లేటప్పుడు షుగరు, బీపీ మాత్రలు సంచిలో ముందు పెట్టుకుందాం. పండుగ పేరుతో మందు గ్లాసు ముందుకొస్తే ఐదో శీలాన్ని, 22 ప్రతిజ్ఞలను గుర్తు చేసుకుందాం.

ఈసారీ పెద్దమ్మ ఇంటికి వెళ్తాను. ఒక్కసారే పెట్టించుకుంటాను. గిన్నెలు నేనే కడిగి, ఆమెతో కలిసి చెరువు కట్ట దాకా నడుస్తాను. దొడ్డివైపు నిలబడిన ఆ రోజుల గురించి మొత్తం చెప్పమంటాను. ఆమె ఆకలికి నేనివ్వగల గౌరవం మూడో వడ్డనలో లేదు. ఆమె చెప్పేది కూర్చుని వినడంలో ఉంది, రేపు నా పిల్లలకు అది చెప్పడానికి ఆరోగ్యంగా బతికి ఉండటంలో ఉంది.

నమో బుద్ధాయ. జై భీమ్.