ముక్క తుడిచే చేతులు

రోహిణి కార్తెలో ఎండ ఎంత మండినా ఆవకాయ పెట్టే ఇంట్లో ఎవరూ దాన్ని తిట్టుకోరు. మిరపకాయలు ఎండాలి, ఆవాలు ఎండాలి, కడిగి బోర్లించిన జాడీ ఎండాలి. మృగశిర వచ్చి తొలకరి పడితే గాలికి చెమ్మ చేరుతుంది. ఈలోపే పని తెమలాలి.

నిజానికి ఇప్పుడు ఆ పని మానుకున్నా ఎవరి ముద్దా చప్పగా మిగలదు. 1980లో మొదలైన ప్రియ పచ్చళ్లు ఎప్పుడో ఇంటింటి అలమారల్లోకి చేరాయి. ఇవాళ కర్రీ పాయింట్లో అడిగినా ఆవకాయ ఇస్తారు. అవసరం తీరిపోయాక కూడా కొన్ని ఇళ్లు ఏటా జాడీ దించుతున్నాయంటే, ఆ రెండు పూటల శ్రమలో వాళ్లకు ఇంకేదో దొరుకుతోందనే అనుకోవాలి.

ఇంటిల్లిపాదీ కలిసి గడపాలని అందరికీ ఉంటుంది. తీరా ఆదివారం అందరినీ హాల్లో కూర్చోబెడితే ఏం మాట్లాడాలో తోచదు, ఎవరో ఒకరు టీవీ పెడతారు. ఊరికే ఎదురెదురుగా కూర్చోవడం అంత తేలికేం కాదు. మధ్యలో మామిడి ముక్కల కుప్ప ఉంటే సంగతి వేరు.

కాయ కొట్టడం బలమున్నవాళ్ల పని. ప్రతి ముక్కకూ టెంక అంటుకుని ఉండాలి, లేకపోతే త్వరగా మెత్తబడుతుంది. చాలామంది రైతు బజారులోనే కొట్టించి తెచ్చుకుంటున్నారు. అదీ మంచిదే, వేళ్లు మిగులుతాయి. తుడవడం మాత్రం ఇంట్లో జరగాల్సిందే. జీడి తీసెయ్యాలి, టెంక లోపలి పల్చటి పొర ఊడదియ్యాలి, పొడిగుడ్డతో తడి లేకుండా ఒత్తాలి. దీనికి బలం అక్కర్లేదు, ఓపికుంటే చాలు. అందుకే ఈ పని పిల్లలకు వస్తుంది. తడి మిగిలితే బూజు పడుతుంది. అంటే ఇంటి ఏడాది పచ్చడి ఓ ఏడేళ్ల పిల్ల చేతిగుడ్డ మీద ఆధారపడి ఉందన్నమాట.

ఈ తతంగంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. పిల్లల్ని మురిపించడానికి కల్పించిన పని కాదిది. ఉత్తుత్తి పనికీ అసలు పనికీ తేడా వాళ్లకు ఇట్టే తెలుస్తుంది. ఉత్తుత్తిదైతే అయిదు నిమిషాల్లో లేచిపోతారు. తను సరిగా తుడవకపోతే చెడిపోయేది నిజంగానే ఉందంటే కుదురుగా కూర్చుంటారు, పక్కవాడి ముక్కల్ని కూడా తనిఖీ చేస్తారు. మామూలప్పుడు ఊ, ఆ తప్ప పలకని కుర్రాడు కూడా తల వంచుకుని గుడ్డ తిప్పుతూ కాలేజీ సంగతులు చెప్పేస్తాడు. ఎవరూ తన ముఖంలోకి చూడటం లేదుగా మరి.

పాతకాలాన్ని పొగిడి ఊరుకోలేను. మడి పేరున, ముట్టు పేరున జాడీ దరిదాపులకు రానివ్వని చేతులుండేవి. మగవాళ్లు చాలా ఇళ్లలో బేసిన్‌లో అన్నం కలిపే వేళకే ప్రత్యక్షమయ్యేవారు. ఆవాలు దంచడం, కారం జల్లించడం, మంటెత్తిన చేతులకు నూనె రాసుకోవడం ఆడవాళ్ల వంతు. ఒక్కరే నడుం వంచే పనిని కుటుంబ వేడుక అనడం అన్యాయం. కారం జల్లెడ నాన్న చేతికి వచ్చిన ఇళ్లలోనే ఆ మాట చెల్లుతుంది.

కొలతల దగ్గర మాత్రం ఏ ఇంట్లోనైనా సభ జరగాల్సిందే. 4 గిద్దలు సోల, 2 సోలలు తవ్వ, 2 తవ్వలు మానిక అని అమ్మమ్మ చెబుతుంటే, మనవడు వంటింటి కాటా తెచ్చి గ్రాములు రాసుకుంటాడు. డల్లాస్‌లో ఉన్న పెద్దకూతురు వీడియో కాల్లోంచి ఉప్పు తగ్గించమంటుంది. మూడో రోజు తిరగకలిపి రుచి చూసేదాకా ఆ వాదం తేలదు. ముక్క మునిగేలా పప్పునూనె పోశాక గానీ అమ్మమ్మ శాంతించదు.

కోనసీమ పిల్ల వరంగల్ ఇంటి కోడలైతే తగువు ఇంకా ముదురుతుంది. వాళ్లకు అల్లం వెల్లుల్లి ముద్ద, పోపు లేనిదే అది మామిడికాయ తొక్కే కాదు. ఈమెకు పచ్చి ఆవఘాటు ముక్కుకెక్కకపోతే ఆవకాయ కాదు. తెలివైన అత్తగారు రెండు జాడీలు పెట్టిస్తుంది. సంక్రాంతి నాటికి ఏది ముందు ఖాళీ అయిందో అందరూ చూస్తారు, ఎవరూ పైకి అనరు.