చీకటి హాలులో కన్నీరు

ఆదివారం ఉదయం పూజకు వెళ్ళినవారు సాయంత్రం సినిమాకు వెళ్ళవచ్చునా అని మా చిన్నతనంలో పెద్దలు తర్కించుకొనేవారు. నా సందేహం వేరు. మంచి సినిమా చూచి ఏడ్చినవాడు మంచివాడేనా?

1970లలో హైదరాబాదులో చదువుకొనే రోజుల్లో నేనొక ఫిలిం సొసైటీలో సభ్యుణ్ణి. మామూలు థియేటర్లకు రాని చిత్రాలు అక్కడ చూపేవారు. పాటలు లేవు, ఈలలు అసలే లేవు. రీలు మార్చేటప్పుడు చీకటిలో దగ్గులు వినబడేవి. అక్కడ కూర్చున్న మేము పదిమందికంటే గొప్పవాళ్ళమన్న గర్వమూ ఉండేది, దాచడమెందుకు!

ఇటలీ దర్శకుడు విట్టోరియో డి సికా 1948లో తీసిన ‘బైసికిల్ థీవ్స్’ అక్కడే చూశాను. గోడలకు పోస్టర్లు అంటించే పని దొరికిన పేదవాని సైకిలు మొదటిరోజే పోతుంది. కొడుకును వెంటబెట్టుకొని రోము నగరమంతా వెదకుతాడు. చివరికి తానే ఒక సైకిలు దొంగిలించబోయి, కొడుకు కళ్ళముందే పట్టుబడతాడు. ఆ పసివాడు తండ్రి చేయి పట్టుకొన్నప్పుడు నాకు దుఃఖం ఆగలేదు. 1950లో లండనులో ఈ చిత్రం చూచిన సత్యజిత్ రాయ్, తన సినిమా కూడా కొత్తవారితో, నిజమైన ఊళ్ళోనే తీయాలని నిశ్చయించుకొన్నాడు. సినిమాకు నూరేళ్ళు నిండిన 1995లో వాటికన్ ఎంపిక చేసిన 45 చిత్రాలలో ఇదీ ఒకటి.

బయటికి వచ్చాము. రిక్షా అతను రూపాయి అడిగాడు. ముప్పావలాకు బేరమాడాను. ఎక్కి కూర్చుని, సినిమాలోని కార్మికుని దీనస్థితి గురించి మిత్రునితో దారిపొడుగునా మాట్లాడాను. మిట్ట దగ్గర అతను దిగి వంగి లాగాడు. మేము దిగలేదు.

పునీత అగస్టీనుగారు యౌవనంలో కార్తేజి నగరంలో నాటకాలు చూచి ఏడ్చేవారట. ప్రేక్షకుణ్ణి ఎవరూ సాయానికి పిలవరు, దుఃఖించడానికి మాత్రమే పిలుస్తారు, ఇదేమి కనికరం అని తరువాత ‘ఒప్పుకోలు’ గ్రంథంలో తననే నిలదీసుకొన్నారు. ఆయన మాట నిజమే. కాని ఆ సినిమా చూడకపోతే ఆ పావలా బేరం నన్నింతకాలం గుచ్చేది కాదేమో.

ఆ తండ్రి వేషం వేసిన లాంబెర్తో మజ్జొరాని నటుడు కాడు, కర్మాగార కార్మికుడు. చిత్రం పూర్తయి తిరిగి పనికి వెళ్తే, కొంతకాలానికి ఆ ఉద్యోగమూ పోయింది. తెరమీది నిరుద్యోగి కోసం దేశదేశాల జనం ఏడుస్తూనే ఉన్నారు.

మజ్జొరాని ముఖం నాకిప్పటికీ గుర్తుంది. ఆ రిక్షా అతని ముఖం ఎంత ప్రయత్నించినా గుర్తుకు రాదు.