కడపటి విస్తరి

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలమునందలి బెలుం గుహలను చూచినవారికి ఒక సంగతి తోపక మానదు. పైన చదునైన చేలు. క్రింద మూడువేల రెండువందల మీటర్లకు మించి సాగిన బిలము. 1884వ సంవత్సరమున రాబర్ట్ బ్రూస్ ఫూట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఈ గుహలను గూర్చి వ్రాసెను. 1982, 1983 సంవత్సరములలో జర్మనీ దేశపు అన్వేషకులు లోనికి దిగి వానిని పరిశీలించిరి. ఇంతటి బిలమును త్రవ్వినది ఏ రాక్షసుడును కాడు. సున్నపురాతిలో ఇంకిన నీరు దినదినము కంటికి కానరానంత రాతిని కరగించి తీసికొనిపోయినది. ఏ ఒక్కనాటి నష్టమును ఎవ్వరును గుర్తింపజాలరు. అట్టి దినములు లెక్కకు మిక్కిలియైనపుడు రాయి గుహయైనది.

మానవదేహమునందును ఇట్టి క్షయము కలదు. కఱవునాటి ఆకలి అందఱి కన్నులకును కనబడును. దానికి గంజికేంద్రములు, చందాలు, వార్తలు ఉండును. కాని ఇంటిలో ఒకరికి దినమునకొక గరిటెడు పప్పు తక్కువపడుటవలన కలుగు లోటు ఎవరికిని కనబడదు, లోటుపడినవారికే తెలియదు. ఈ రెండవదానిని గూర్చి ఇచట విచారింపదలచితిని. ప్రశ్న చిన్నది. ఇంటిలో అన్నము దేనినిబట్టి వడ్డింపవలెను? మర్యాదను బట్టియా, అవసరమును బట్టియా?

మన యిండ్లలో వడ్డనకొక క్రమము కలదు. ముందు యజమానియు పెద్దలును, పిమ్మట మగపిల్లలు, ఆపైన ఆడపిల్లలు, తరువాత అత్తగారు, అందఱును చేతులు కడిగికొనిన పిదప కోడలు. విస్తరి పోయి పళ్లెము వచ్చినది. పీట పోయి బల్ల వచ్చినది. పెక్కిండ్లలో క్రమము మాత్రము పోలేదు. అన్నము అందఱికిని చాలునట్లే వండుదురు. కాని పప్పు, కూర, పెరుగు, గ్రుడ్డు, మాంసము, వీనికి మితము కలదు. మితముగా నున్నది ముందు కూర్చున్నవారిని చేరును. కడపటివారికి అన్నమును, ఊరగాయయు, అడుగంటిన పులుసును మిగులును. ఆమెను తినవద్దని ఎవ్వరు ననలేదు. మిగిలినదే తినుమనియు ఎవ్వరు చెప్పలేదు. చెప్పనక్కఱలేకయే జరిగిపోవుటయే ఆచారమునకుగల బలము.

ఇక దేహము ఏమడుగుచున్నదో చూతము. ఆహారపు శక్తిని కొలుచు మానము కేలరీ. లీటరు నీటిని ఒక్క డిగ్రీ వేడిచేయుటకు వలయు శక్తి ఒక కిలోకేలరీ. వాడుకలో దీనినే కేలరీ యందురు. గ్రాము పిండిపదార్థము నాలుగు, గ్రాము మాంసకృత్తులు నాలుగు, గ్రాము క్రొవ్వు తొమ్మిది కేలరీల నొసగును. ఏ వయసున ఎంత వలయునో మనదేశమున లెక్కకట్టి చెప్పునది హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరున రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధి పరిశోధనకై ఆరంభించిన చిన్న శాఖయే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. ఆ సంస్థ 2020లో ప్రకటించిన లెక్కలు చదువదగినవి.

కూర్చుండి పనిచేయు పురుషునకు దినమునకు 2,110 కేలరీలు. ఒక మోస్తరు శ్రమ చేయువానికి 2,710. కాయకష్టము చేయువానికి 3,470. ఇవే మూడు తరగతులలో స్త్రీకి 1,660, 2,130, 2,720. ఇంతవఱకు చదివి, “చూచితిరా, స్త్రీకి తక్కువ చాలునని శాస్త్రమే చెప్పుచున్నది” అని సంతసించువారు కొంచెము నిలువవలెను. పాలిచ్చు తల్లికి మొదటి ఆఱు మాసములు దినమునకు 600 కేలరీలు అదనముగా వలయును. ఒక మోస్తరు శ్రమ చేయుచు బిడ్డకు పాలిచ్చు స్త్రీకి మొత్తము 2,730. అంతే శ్రమచేయు భర్తకు 2,710. ఇరువురకును సమానమేయన్నమాట. కొలిమిగుండ్ల, బేతంచెర్ల ప్రాంతములలో నాపరాతి పనికి పోవు దంపతులను తలచుకొనుడు. చంటిబిడ్డను చంకనెత్తుకొని ఆమెయు శ్రమచేయునేని, సంగటిముద్దలో చిన్నది ఆమెకేల రావలయును?

మఱియొక లెక్క ఇంకను చిత్రమైనది. పదునాఱు మొదలు పదునెనిమిదేండ్ల బాలికకు 2,500 కేలరీలు వలయును. అనగా కచేరీలో కూర్చుండి పనిచేయు తండ్రికంటె కూతురికే ఎక్కువ కావలెను. ఆ వయసు బాలునకు 3,320. ఇది కాయకష్టము చేయువాని ఆహారమునకు ఇంచుమించు సమానము. ఒకటి మొదలు మూడేండ్ల బిడ్డకు సుమారు 1,010. బిడ్డ బరువు తండ్రి బరువులో అయిదవ వంతు లేదు. ఆకలి మాత్రము తండ్రి ఆకలిలో ఇంచుమించు సగము. కడుపు చిన్నది, అవసరము పెద్దది. కావున ఆ బిడ్డకు దినమునకు నాలుగైదుసారులు కొంచెము కొంచెముగా, నేయో నూనెయో కలిపి చిక్కగా పెట్టవలెను. పలుచని పప్పుకట్టుతో రెండు పూటల సరిపెట్టుట దానిని మోసగించుటయే. ముసలితనమున కేలరీల అవసరము తగ్గును. మాంసకృత్తుల అవసరము తగ్గదు. పండ్లూడినవారికి మెత్తగా వండిన పప్పు, పెరుగు, గ్రుడ్డు ఒసగుటకు మాఱుగా అన్నము మజ్జిగయు మాత్రమే పెట్టి “పెద్దవారికింతే అరుగును” అనుకొనుట పొరబాటు.

కేలరీ ఒక్కటియే ఆహారము కాదు. రక్తమునకు ఇనుము కావలెను. పురుషునకు దినమునకు 19 మిల్లీగ్రాములు చాలును; నెలనెల రక్తము పోగొట్టుకొను స్త్రీకి 29 వలయును. అనగా తక్కువ తినుటకు తగినదని ఎవరిని మనము తలచుచున్నామో ఆమె పిడికెడు అన్నములోనే ఒకటిన్నర రెట్ల ఇనుము ఉండవలెను. అట్టిది ఆకుకూరలో, పప్పులో, సజ్జలలో, మాంసములో దొరకును. కాని అవి ఆమె కూర్చుండుసరికి అయిపోవుచున్నవి. ఫలిత మేమనగా, 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున పదునైదు మొదలు నలువది తొమ్మిదేండ్ల స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత కలదని తేలినది. ఆ వయసు పురుషులలో నూటికి 16.4 మందికే. నేల ఒకటి, నీరు ఒకటి, చాలచోట్ల పొయ్యియు ఒకటియే. ఈ భేదమునకు నెలసరియు, ప్రసవములును కారణములే. కాని దేహధర్మముచే ఎక్కువ పోగొట్టుకొనువారికి ఎక్కువ పెట్టవలసియుండగా తక్కువ పెట్టుట ఎవరి ధర్మము?

ఇక పథ్యము మాట. గర్భిణి కడుపునిండ తిన్నచో బిడ్డ పెద్దదై ప్రసవము కష్టమగునని భయపడువారు ఇప్పటికిని గలరు. బాలింతకు కూరలు మాన్పించి, నీళ్లు సయితము కొలిచి ఇచ్చి, వెల్లుల్లికారపు అన్నముతో వారములు గడుపు ఇండ్లును గలవు. ఏ మాసములలో ఆమె అవసరము జీవితమునందెల్ల మిక్కుటముగా నుండునో ఆ మాసములలోనే కట్టుబాటును మిక్కుటము చేయుచున్నాము. పెద్దలు ప్రేమతోనే చేయుచున్నారనుటలో సందేహము లేదు. కాని ప్రేమ తెలివికి బదులు కానేరదు. పాలలోనికి పోవు సున్నము తల్లి ఆహారమున చాలనపుడు ఆమె యెముకలనుండియే పోవును. పాలు మాన్పించిన పిదప తగిన ఆహారమున్నచో ఆ లోటు చాలవఱకు తీఱును. ఆ ఆహారమే లేనిచో తీఱుట యెట్లు?

అన్నమును అంకెలతో కొలుచుట ఈ సీమకు క్రొత్త కాదు. ఆ కథ చెప్పక ఈ విచారము పూర్తికాదు. జనులు ధాతకఱవు అని పిలిచిన 1876–78 నాటి మహాక్షామమున కర్నూలు జిల్లా మిక్కిలి దెబ్బతిన్నది. 1877 ఆరంభమున భారత ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ దొర, కఱవుపనులలో రాళ్లు కొట్టి మన్ను మోయు పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యమును, దానిపై కొంచెము రొక్కమును చాలునని నిర్ణయించెను. పౌను అనగా 450 గ్రాములు. దానివలన వచ్చునది సుమారు 1,600 కేలరీలు. ఆ రొక్కముతో కొనగలిగినది కొంచెము కలిపినను, అట్టి శ్రమకు నేడు చెప్పబడు 3,470కి అది ఎంతో దూరము. మద్రాసు రాజధాని ఆరోగ్యశాఖాధికారియగు డాక్టర్ కార్నిష్ ఇది దేహమును నిలుపజాలదని గట్టిగా వాదించెను. అదే సంవత్సరము కూలి కొంత పెంచబడినది. అప్పటికే ఎందఱో నేలకొఱిగిరి.

టెంపుల్ దొరకు లెక్కలు రాకపోలేదు. అతడు అడిగిన ప్రశ్నయే తప్పు. “ఎంత తక్కువతో మనుష్యుడు బ్రదుకగలడు?” అని అతడు అడిగెను. “ఈ పనిచేయు ఈ మనుష్యునికి ఎంత వలయును?” అని కార్నిష్ అడిగెను. అంకె ఇరువురి చేతను ఉన్నది. ధర్మము రెండవ ప్రశ్నలో మాత్రమే ఉన్నది. ఇప్పుడు మన వంటయింటిలో కడపటివారిని గూర్చి మనము అడుగుచున్న ప్రశ్న ఏది? “ఆమె సర్దుకొనును” అను మాటలో టెంపుల్ దొర కూలిలెక్కయే దాగియున్నది.

ఈ సీమకు అన్నదానమును క్రొత్త కాదు. 1866 నాటి కఱవులో ఆళ్లగడ్డ ప్రాంతపు ఉయ్యాలవాడయందు బుడ్డా వెంగళరెడ్డి వేలకొలది ఆకలిగొన్నవారికి అన్నము పెట్టెను. విక్టోరియా రాణినుండి బంగారు పతకమును పొందెను. ఆయన కీర్తిని జనులు ఇప్పటికిని చెప్పుకొనుచున్నారు, చెప్పుకొనదగినదే. గుమ్మమునకు వచ్చిన ఆకలికి కరగుట గొప్పగుణము. అయినను వాకిట అన్నదానము చేయు మనకు వంటయింటి ఆకలి కనబడకపోవుట విడ్డూరము. వాకిట పెట్టునది దయ. లోపల పంచునది న్యాయము. దయను మెచ్చుకొనువారు నలుగురుందురు. న్యాయమునకు పతకము లేదు. అందుచేతనే అది కష్టము.

“ఇది స్త్రీల త్యాగము, దీనిని అన్యాయమని అవమానింపకుడు” అనువారు కలరు. వారి మాటలో కొంత నిజము లేకపోలేదు. బిడ్డకు పెట్టి తాను పస్తుండిన తల్లిని ఎవరు గౌరవింపరు? కాని త్యాగము చేయువాని ఇచ్ఛపై ఆధారపడును. ప్రతిదినము, ప్రతియింట, ఒకే వరుసలోనివారు, ఒకే విధముగా చేయు త్యాగమునకు ఆచారమనియే పేరు. నిజముగా అది ప్రేమకు గుఱుతైనచో, ప్రేమ ఒక్కరికే యుండునా? వారమున కొకనాడైన తండ్రి కడపట కూర్చుండినపుడు ఈ వాదమును నమ్మవచ్చును.

“ఇప్పుడు కొఱత యెక్కడిది? అధికముగా తినుటయే రోగమైనది” అను మఱియొక మాట కలదు. ఇదియు నిజమే. కాని రోగమూలమును పరికింపుడు. ఏబదేండ్లు దాటి, కుర్చీ కదలక, మధుమేహమున్న యజమానికి నాలుగవమాఱు అన్నము పెట్టి నేయి వంచుట గౌరవమనుకొనుచున్నాము. అదే పంక్తిలో ఎదుగుచున్న బాలికకు “ఆడపిల్లకు తిండిపోతుతనమేమి?” అని చేయి బిగించుచున్నాము. ఒకరికి అధికము, ఒకరికి అల్పము. రెండు కీడులకును మూలమొక్కటియే. మర్యాదను బట్టి వడ్డించితిమి, అవసరమును చూడమైతిమి. మర్యాద పొందినవానికిని మేలు కలుగలేదు.

ఈ విషయమున బడి యింటికంటె ముందడుగు వేసినది. ప్రభుత్వపు మధ్యాహ్న భోజనపు నియమములో ప్రాథమిక తరగతుల బిడ్డకు 450, ఆపై ఎనిమిదవ తరగతి వఱకు 700 కేలరీలు అని యున్నది. అచట బాలుడా, బాలికయా అను ప్రశ్న లేదు. ఆంధ్రప్రదేశమున 2024 నుండి ఆ పథకమునకు గోదావరి సీమలో అన్నదానముచే పేరుగాంచిన డొక్కా సీతమ్మ పేరు పెట్టబడినది. మధ్యాహ్నము ఒకే పంక్తిలో సమముగా తిన్న పిల్ల రాత్రి ఇంటిలో వెనుక వరుసకేల పోవలెను?

చేయదగినది కష్టమైనది కాదు. పళ్లెములను త్రాసులో పెట్టనక్కఱలేదు. పైని చెప్పినవి సగటు లెక్కలే. వడ్డనకు ముందే పప్పు, కూర, పెరుగు, గ్రుడ్డు ఎందఱున్నారో అన్ని పాళ్లుగా తీసి ఉంచుడు. వండినవారి పాలు మొదట తీయుడు. గర్భిణికిని, బాలింతకును, ఎదుగు పిల్లలకును ఒక పూట ఎక్కువ ఏర్పఱచుడు. ఆకుకూరతో నిమ్మకాయయో ఉసిరికాయయో చేర్చుడు, ఇనుము ఒంటబట్టును. భోజనముతోడనే తేనీరు త్రాగకుడు, అది ఇనుమును అడ్డగించును. ఈ సీమకు పూర్వపు తిండియైన కొఱ్ఱ, జొన్న, రాగులను పేదల తిండియని విడువకుడు. నూఱు గ్రాముల రాగులలో మూడువందల మిల్లీగ్రాములకు పైగా సున్నమున్నది. తెల్లబియ్యమున పది మిల్లీగ్రాములే. నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానము సూర్యనంది అను కొఱ్ఱ వంగడమునే రూపొందించినది. చేను సిద్ధముగనే యున్నది.

అన్నిటికంటె ముఖ్యమైనది, వడ్డించు గరిటె ఒక్కరి చేతనే ఉండరాదు. ఈ పత్రిక చదువు యజమానులు ఒక మాసము దినమున కొక పూట తాము వడ్డించి, అందఱును తిన్న పిదప తాము కూర్చుండి చూతురుగాక. ఉపన్యాసమున తెలియని లెక్క గిన్నె అడుగున తెలియును. ఆ మాసము చివర వంటయింటిలో ఏమి మార్చవలెనో ఎవరును చెప్పనక్కఱలేకయే వారికి తోచును.