భక్తి యెవరిది?



మన యిండ్లలో నేడు తఱచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. "దేవు డొక్కడే గదా! కొండ కెక్కి వేంకటేశ్వరుని కొలిచినను, ఇంట శివుని పూజించినను ఫల మొక్కటియే గదా! ఇక మెడను ఇష్టలింగ మేల?" అని చదువుకొన్న పిల్లలు అడుగుచున్నారు. కోపించి కసరుట దీనికి సమాధానము కాదు. "అన్నియు నొక్కటియే" యని తలయూపుటయు సమాధానము కాదు. ఆ మాట వినుటకు ఇంపుగా నుండును గాని, దానిని పలుకువారిలో ఏ యొక్క సిద్ధాంతమునైనను తుదముట్ట చదివినవారు అరుదు.

భక్తి గొప్పదని యెల్లవారును చెప్పుదురు. భేద మచ్చట లేదు. భక్తు డెవడు, ఆ భక్తి యతని కెచ్చటనుండి వచ్చినది, తుద కత డేమగును అను చోట నున్నది.

రామానుజాచార్యులు శ్రీభాష్యమున చేతనాచేతనములు రెండును నారాయణునకు శరీరమని స్థాపించిరి. ఆత్మకు శరీర మెట్లో, ఈశ్వరునకు జీవు డట్లు: విడదీయరానివాడు, ఎల్లప్పుడును అధీనుడు. కావుననే ఆ మార్గమున శరణాగతికి అంతటి స్థానము. ముక్తుడు భగవంతునితో సమానమైన ఆనందము ననుభవించును గాని, జగత్సృష్ట్యాది వ్యాపార మతనికి లేదు. వైకుంఠమునను అతడు దాసుడే. ఆ దాస్యము తీఱవలెనని యతడు కోరడు గూడ. మధ్వాచార్యులు మఱింత ఖండితముగా పలికిరి. వారి మతమున ఈశ్వరునకును జీవునకును భేదము నిత్యము. జీవునకును జీవునకును నిత్యమే. ముక్తులలో సైతము ఆనందతారతమ్యము కలదు.

తమిళదేశపు శైవసిద్ధాంతము మనకు దాయాది వంటిది. 13వ శతాబ్దపు మెయ్‌కండదేవుల శివజ్ఞానబోధము దానికి మూలస్తంభము. పతి, పశువు, పాశము మూడును అనాదులు. వడ్లగింజకు ఊకవలె, రాగికి చిలుమువలె ఆణవమలము జీవుని మొదటినుండియు నంటియున్నది. శివానుగ్రహమున మలము శక్తి యుడిగి, జీవుడు శివునితో కలిసి యుండును. కాని శివుడు కాడు. విభూతి యొక్కటే, రుద్రాక్ష యొక్కటే, పంచాక్షరి యొక్కటే. అయినను లెక్క వేఱు.

ఇక మన శక్తివిశిష్టాద్వైతము. 15వ శతాబ్దమునకు చెందిన మాయిదేవులు అనుభవసూత్రమున దీనిని విప్పి చెప్పిరి. పరశివమునకు స్థలమని పేరు. తన శక్తిచలనముచే ఆ స్థలమే లింగస్థలమనియు, అంగస్థలమనియు రెండైనది. లింగము ఉపాస్యము, అంగము ఉపాసకుడు. శక్తియు నట్లే రెండై, లింగము నాశ్రయించినది కళ యైనది, అంగము నాశ్రయించినది భక్తి యైనది.

ఇచ్చట నొక్క క్షణము నిలువుడు. భక్తి మనము కూడబెట్టి శివునకు సమర్పించు కానుక కాదు. అది శివుని శక్తియే. కళగా ప్రపంచమును విప్పుచు వచ్చిన శక్తి, భక్తిగా దానిని ముడుచుచు మరలిపోవుచున్నది. మన యూరినుండి కల్యాణమునకు పోవు బాటయు, కల్యాణమునుండి మన యూరికి వచ్చు బాటయు రెండు బాటలా? అందువలననే మన లింగము గుడిలో గాక యొడలిపై నున్నది. స్థూలశరీరమునకు ఇష్టలింగము, సూక్ష్మమునకు ప్రాణలింగము, కారణమునకు భావలింగము. భక్తస్థలమున మొదలిడి ఐక్యస్థలమున ముగియు షట్స్థలమార్గ మంతయు ఈ తిరుగు ప్రయాణమే. పిల్లవాడు తీసి గూటిలో పెట్టినది కేవల మొక ఆభరణము కాదని వానికి చెప్పవలసిన తీరు ఇది.

సిద్ధాంతము వేఱైనంత మాత్రమున హృదయము వేఱు కానక్కఱలేదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున బెజ్జమహాదేవి కథ మీరెఱిగినదే. శివునకు తల్లి లేదే యని జాలిపడి, ఆమె లింగమును బిడ్డగా సాకినది. అటు వైష్ణవులలో పెరియాళ్వారు, మధురలో గరుడునిపై సాక్షాత్కరించిన స్వామికి దృష్టి తగులునేమోయని వెఱచి, మంగళాశాసనము పాడిరి. లోకరక్షకునికే రక్ష పెట్టిన వారిద్దఱును. ఆళ్వారుల భక్తిని చూచి నవ్వు వీరశైవుడు బెజ్జమహాదేవినిగూడ నవ్వినవాడే.

అయితే మన సిద్ధాంతము మనపై మోపు బరు వొకటి కలదు. మాధ్వులు జీవతారతమ్యము నంగీకరించిరి. అది వారి తర్కమునకు సంగతము. అంగమునందలి భక్తియే శివశక్తి యనిన మనకు అంగమునకును అంగమునకును ఎక్కువతక్కువలు చెప్పుటకు చోటు లేదు. 12వ శతాబ్దమున కల్యాణములో సమగార హరళయ్య కుమారునకును, బ్రాహ్మణవంశపు మధువరసుని కుమార్తెకును శరణులు వివాహము చేసిరనియు, దానికై ఇరువురు తండ్రులును ప్రాణము లర్పించిరనియు శరణచరిత్రలు చెప్పుచున్నవి. నేడు సంబంధములు వెదకునపుడు మనము మొట్టమొదట అడుగుచున్న దేమి?

లింగ మేల యని యడిగిన పిల్లవానికి రెండవ ప్రశ్నయు తోచును: అది ధరించిన వారందఱును మన పంక్తిని కూర్చుందురా, మన యింటి పిల్లను వారి యింటి కిత్తురా అని. మొదటిదానికి మాయిదేవులు చాలుదురు. రెండవదానికి ఆ యింటి పెద్దలే బదులు పలుకవలెను.