దినముల లెక్క



మెదడులో గడ్డ యున్నదని తెలిసినప్పుడు ఇంటివారు వైద్యుని అడుగు మొదటి ప్రశ్న, "ఇంకెన్నాళ్లు?" ఆ జవాబును రోగికి చెప్పవలెనా, దాచవలెనా? మన ఆత్మకూరు, ఉదయగిరి పల్లెలలో ప్రేమచేతనే అనేకులు దాచుట మేము చూచుచున్నాము.

గడ్డలన్నియు ఒకటి కావు. మెదడు పొరలలో పుట్టు మెనింజియోమా తఱచుగా క్యాన్సరు కాదు; శస్త్రచికిత్స పిమ్మట అనేకులు చాలయేండ్లు బ్రదుకుదురు. 1949లోనే డాక్టరు జేకబ్ చాందీ వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో దేశమందలి మొదటి మెదడు శస్త్రచికిత్స విభాగమును ప్రారంభించెను. గ్లియోబ్లాస్టోమా మాత్రము క్రూరమైనది. 2005లో వెలువడిన పరిశోధనలో, రేడియేషనుతోపాటు టెమొజోలమైడు మందు పొందినవారిలో సగముమంది 14.6 నెలలు దాటి బ్రదికిరి. రెండేండ్లకు నూటికి సుమారు 26 మంది జీవించియుండిరి. కావున ఆ సంఖ్య ఏ ఒక్కరికిని తీర్పు కాదు.

యెషయా ప్రవక్త హిజ్కియాకు మరణవార్తను దాచలేదు. ఇంటి వ్యవహారములు సరిచేసికొనుమని తెలిపెను. రాజు ప్రార్థించి 15 ఏండ్లు పొందెను. అయినను కురుపునకు అంజూరపు ముద్ద కట్టిరి. ప్రార్థన మందును త్రోసివేయలేదు. అందరికిని 15 ఏండ్లు దొరకవు. దొరకనివారిని అవిశ్వాసులని నిందింపకుందుము.

దాచినయెడల అప్పు తీర్చుటకు, పొలము పంచుటకు, పగవానితో సమాధానపడుటకు రోగికి సమయము లేకుండ చేయుదుము. అతడు వినగోరినంత మట్టుకు మెల్లగా చెప్పుదము. చెప్పి లేచి పోక, అతని ప్రక్కనే కూర్చుందము.