ముగ్గురాయి ఊళ్లో ఊలు అల్లిక

మా మంగంపేటలో ఏది చూసినా బరువే. ఇక్కడి గనుల్లో దొరికే ముగ్గురాయి నీటికంటే నాలుగింతలకు పైగా బరువు. చమురు బావులు తవ్వేటప్పుడు లోపలికి పోసే బురదలో కలపడానికి దీని పొడి దేశదేశాలకు పోతుంది. ఈ ఊళ్లో కూర్చుని నేను ఊలుతో స్వెటర్లు అల్లుతాను.

పోయిన చలికాలం లేపాక్షి వెళ్లాను. 16వ శతాబ్దపు వీరభద్రాలయంలో లతా మంటపం స్తంభాల నిండా తీగలు, పూలు, గళ్లు. వాటిని చూసి నేతగాళ్లు చీరల అంచుల్లోకి దించుకున్నారు. అక్కడ నిలబడితే నాకు ఇంకోటి అనిపించింది: రాయి చెక్కినవాడు కూడా ఏ చీర అంచునో చూసే మొదలుపెట్టి ఉంటాడు. బట్ట మీంచి రాయి మీదికి, రాయి మీంచి మళ్లీ బట్ట మీదికి. బరువు ఎక్కడిదక్కడే ఉండిపోతుంది, లెక్క మాత్రం ప్రయాణం చేస్తుంది.

నలుచదరపు గడిలో ఉన్న ఒక పువ్వును గళ్ల కాగితం మీద గీసుకొచ్చాను. 21 గళ్ల వెడల్పు, 21 గళ్ల ఎత్తు. గడికో కుట్టు చొప్పున అల్లితే పువ్వు చప్పిడిగా, తొక్కినట్టు వచ్చింది. అమ్మ చూసి, "ముగ్గులో చుక్కల మధ్య ఎడం నీ చెయ్యి చెప్పినట్టు వింటుంది. ఇక్కడ వింటుందా?" అంది. స్కేలు పెట్టి కొలిచాను. పది సెంటీమీటర్లలో అడ్డంగా 20 కుట్లు, నిలువుగా 28 వరుసలు పడుతున్నాయి. కుట్టుకు వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. రాతి లెక్కను ఉన్నదున్నట్టు తెస్తే ఊలు ఒప్పుకోదు. ఊలుకు దాని లెక్క దానికుంది.

మొత్తం విప్పదీశాను. విప్పిన ఊలు వంకీలు తిరిగి ఉంది, పాత పువ్వును ఇంకా పట్టుకున్నట్టు. తడిపి ఆరేస్తేగానీ సాగలేదు. లేపాక్షిలో కల్యాణ మంటపం సగంలో ఆగి అలాగే నిలిచిపోయింది. చెక్కిన రాయిని విప్పలేం. నాకు ఆ వీలు ఉండటం ఎంత అదృష్టమో ఆ రోజే తెలిసింది.

ఈసారి 21 కుట్లకు 29 వరుసలు వేశాను. పువ్వు నిలబడింది.

లేపాక్షి వెళ్లినవాళ్లు వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి వచ్చేస్తుంటారు. మీరు వెళ్తే లతా మంటపం దగ్గర కాసేపు ఆగండి. ఒక్క స్తంభం మీదైనా వేలు పెట్టి గళ్లు లెక్కపెట్టి రండి.